192 చక్రాల బండి

హుస్సేన్ సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుడు మా అత్తగారికి వరసకి చుట్టం. ఆవిడ పుట్టిల్లు భువనగిరి దగ్గర. విగ్రహం చెక్కింది ఆ పక్కనే, రాయగిరిలో. టాంక్ బండ్ మీదుగా వెళ్ళినప్పుడల్లా "మా ఊరి రాయి బిడ్డా అది" అంటుంది. 1985లో, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా పని మొదలైంది. గణపతి స్థపతి గారి ఆధ్వర్యంలో శిల్పులు ఒకే రాతిలో 58 అడుగుల మూర్తిని మలిచారు. బరువు సుమారు 350 టన్నులు. చెక్కడం ఒక ఎత్తు. దాన్ని దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కి చేర్చడం ఇంకో ఎత్తు.

1988 నవంబరులో అందుకోసం 192 చక్రాల ట్రైలర్ వచ్చింది. బుద్ధుణ్ణి దాని మీద పడుకోబెట్టారు. అది కదులుతుంటే జనం పొయ్యి మీద వంట వదిలేసి రోడ్డు మీదకి వచ్చారట. "బండి నడుస్తున్నదా, ఆగిందా అని గురుతు పట్టరాలేదు. పక్కనున్న చెట్టును చూసి తెలుసుకున్నం" అంటుంది మా అత్తగారు.

అన్ని చక్రాలెందుకు? పెళ్ళిళ్ళలో అన్నం గుండిగ దించేటప్పుడు చూడండి. ఇద్దరు పడితే నడుం విరుగుతుంది. నలుగురు పడితే నవ్వుతూ దించుతారు. ఇదీ అంతే. 350 టన్నుల్ని 192 చక్రాలకి పంచితే, బండి సొంత బరువు వదిలేస్తే, ఒక్కో చక్రం మీద రెండు టన్నులు కూడా పడదు. రోడ్డు కుంగదు, కల్వర్టు కూలదు. ఇలాంటి ట్రైలర్లలో మరో సుగుణం ఉంది. నేల పల్లమైన చోట ఆ పక్క చక్రాలు కిందికి జారతాయి, పైన బల్ల మాత్రం మట్టంగానే ఉంటుంది. నిండా పాలున్న గిన్నెతో గడప దాటే ఇల్లాలి చేయి లాంటిదన్న మాట. మలుపుల్లో ముందు చక్రాలతో పాటు వెనకవీ తిరుగుతాయి. ఎత్తు ఎక్కాలంటే ముందొక లారీ లాగుతుంది, వెనకొకటి నెడుతుంది. దిగేటప్పుడు ఆ వెనకదే పట్టి ఆపుతుంది.

రోడ్డు మీద అంత భద్రంగా వచ్చిన బుద్ధుడికి నీళ్ళ మీద గండం వచ్చింది. 1990 మార్చి 10న తెప్ప మీద ఎక్కించి సాగర్ మధ్యకి తీసుకెళ్తుంటే, ఒడ్డుకి ఎంతో దూరం పోకుండానే అది ఒరిగిపోయింది. విగ్రహంతో పాటు పనివాళ్ళూ నీళ్ళలో పడ్డారు. కొందరు తిరిగి రాలేదు. రెండేళ్ళు దాటాక విగ్రహాన్ని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. ఇప్పుడు పడవెక్కి వెళ్ళి పిల్లలతో ఫోటోలు దిగుతున్నాం. ఒకసారి పడవ దిగుతూ అత్తగారు ఉన్నట్టుండి అడిగింది. "బుద్ధుణ్ణయితే తీసిన్రు. పోయినోళ్ళ పేర్లు ఎక్కడన్న రాసిన్రా బిడ్డా?"

అప్పట్నుంచీ నాకు రోడ్డు మీద పెద్ద ట్రైలర్ కనిపిస్తే దాని మీది సరుకు కంటే దాని పక్కన నడిచే మనుషుల మీదే చూపు పోతోంది. అవును, నడిచేవాళ్ళే! 2019 జులైలో మహారాష్ట్రలోని అంబర్‌నాథ్ నుంచి తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి 70 టన్నుల యంత్రం ఒకటి బయల్దేరింది. ఆటోక్లేవ్ అంటారు. రాకెట్ భాగాల్ని వేడితో, ఒత్తిడితో గట్టిపరుస్తుంది. ఒక రకంగా మన ప్రెషర్ కుక్కరే అనుకోండి. మోసిన బండికి 74 చక్రాలు, వెంట 32 మంది. రోజుకి ఐదు కిలోమీటర్లు సాగితే గొప్ప. కొమ్మలు కొట్టాలి, స్తంభాలు తప్పించాలి, తీగలు ఎత్తాలి. మధ్యలో లాక్‌డౌన్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో ఆగిపోయింది. గమ్యం చేరేసరికి 2020 జులై అయింది. బండి చేరిందని పేపర్లన్నీ రాశాయి. ఆ ఏడాదంతా 32 ఇళ్ళలో ఏం జరిగిందో మాత్రం ఎవరూ రాయలేదు. ఎన్ని పండగలు పోయాయో, ఎవరింట పురుడు వచ్చిందో!

అనంతపురం జిల్లాలో గాలిమరలు ఎక్కువ కదా, వాటి రెక్కలు మోసే బండ్లు తరచూ కనిపిస్తాయి. ఇప్పటి రెక్కలు 60 మీటర్లు దాటుతున్నాయి. అంటే దాదాపు 200 అడుగులు. ఇక్కడ బరువుతో కాదు, పొడవుతోనే చిక్కు. ఉరవకొండ వైపు వెళ్తుంటే అలాంటి బండొకటి చెట్టు కింద ఆగి ఉంది. పక్కనే వంట సాగుతోంది. ఉత్తరాది వాళ్ళు. మా వారు వద్దంటున్నా కారు దిగి, నాకొచ్చిన హిందీలో పలకరించాను. వాళ్ళలో ఒకతని పని వెనక చక్రాలు తిప్పడం. మలుపులో ముందు డ్రైవరుకి తోక కనిపించదు కనక ఇతను వెనకాలే నడుస్తూ వాటిని తిప్పుతాడు. పొరపాటైతే ఎవరింటి గోడో పోతుంది. "రాత్రి ఫోను చేస్తే మా ఆవిడ ఇవాళ ఎంత దూరం వెళ్ళావంటుంది దీదీ. పన్నెండు కిలోమీటర్లంటే నమ్మదు. మా ఊళ్ళో పాలవాడు సైకిలు మీద అంతకంటే ఎక్కువ తిరుగుతాడు" అని నవ్వాడు.

ఇంకో కుర్రాడున్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. కొసన కొక్కెమున్న పొడవాటి కర్ర అతని చేతి సామాను. బండి మీదెక్కి, అడ్డొచ్చిన తీగల్ని పైకెత్తి పట్టుకోవాలి. ముందుగా చెప్పి కరెంటు తీయిస్తారు. అన్ని ఊళ్ళలోనూ తీయరు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే మనం విసుక్కుంటామా, ఆ పావుగంట అతను తీగ కింద ఉంటాడు. కాళ్ళకి హవాయి చెప్పులు.

"చేతులకి రబ్బరు తొడుగులు ఇవ్వలేదా?" అన్నాను.

"ఇచ్చారు దీదీ" అంటూ పొయ్యి వైపు చూపించాడు. వంట చేస్తున్నతను అవే తొడుక్కుని అన్నం గిన్నె దించుతున్నాడు.

ఉన్నది ఒక్క జతేనట.