సూది మందు ఆగింది... చెవిలో హోరు ఆగుతుందా?

కొత్తవాడ (వరంగల్): కొత్తవాడలో తెల్లవారక ముందే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నేసే వాడకట్టు ఇది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఆ చప్పుడులోనే హాయిగా నిద్రపోతారు. చుట్టపు చూపుగా వచ్చినవారికే మొదటి రెండు మూడు రాత్రులు కంటిమీద కునుకు ఉండదు. ఇక్కడి నేత కార్మికుడొకరు మాత్రం తనకు తప్ప ఇంకెవరికీ వినపడని మరొక చప్పుడుతో వేగుతున్నాడు. మగ్గం ఆగినా అది ఆగదు.

2014లో ఆయనకు మామూలు మందులకు లొంగని క్షయ అని తేలింది. నెలల తరబడి కనమైసిన్ సూదులు వేశారు. మూడో నెలలో చెవుల్లో కీచురాళ్లు కూసినట్టు మొదలైంది. జబ్బు నీరసం కాబోలు అనుకొని ఎవరితోనూ అనలేదు. క్షయ నయమైంది, మనిషి బతికి బట్టకట్టాడు, మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాడు. కీచురాళ్లు మాత్రం వెళ్లలేదు. ఇదిలా ఉండగా నిరుడు ఆయన వదినె కీళ్లనొప్పులకు ఆస్పిరిన్ మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగగా ఆమెకూ చెవులు గుయ్యిమన్నాయి. మాత్రలు మానిన మూడు రోజులకే ఆ మోత పోయింది. వదినెకు పోయిన చప్పుడు తనకెందుకు పోదన్నది ఆయన ప్రశ్న. ఎంతోమంది అడగవలసిన ప్రశ్నే ఇది.

జవాబు మందులోనే ఉన్నది. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగంలో ఒక్కో చెవికి సుమారు 15 వేల సున్నితమైన రోమ కణాలు ఉంటాయి. శబ్దాన్ని అందుకొని నరానికి ఇచ్చేవి ఇవే. ఆస్పిరిన్ మోతాదు మించితే ఈ కణాల పనితీరును తాత్కాలికంగా చెడగొడుతుందే గాని వాటిని చంపదు. మందు ఒంట్లోంచి పోగానే, సాధారణంగా కొద్ది రోజుల్లో, మోత తగ్గిపోతుంది. వెనుకటి వైద్యులు కొందరు కీళ్లవాతానికి చెవులు గింగురుమనే దాకా ఆస్పిరిన్ పెంచి, అక్కడి నుంచి కొంచెం తగ్గించేవారు. చెవే వారికి కొలమానం!

మలేరియాకు వాడిన క్వినైన్ సంగతీ అంతే. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. ఆ రోజులకు ముందూ, తరువాత చాలాకాలమూ చలిజ్వరానికి క్వినైనే దిక్కు. అది మింగినవారికి చెవుల్లో హోరు పుట్టడం, జ్వరం పోయి మందు ఆపాక అది చాలామందికి సర్దుకోవడం మామూలే. ఒంటి వాపులు దిగడానికి ఇచ్చే ఫ్రూసెమైడ్ కూడా ఎక్కువగా ఈ కోవకే చెందుతుంది. అయితే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, చెవికి హాని చేసే ఇతర సూదులతో కలిపి ఇచ్చినవారికి మాత్రం నష్టం నిలిచిపోవచ్చు.

స్ట్రెప్టోమైసిన్, కనమైసిన్, అమికాసిన్, జెంటామైసిన్ సూదుల కథ వేరు. 1943లో అమెరికాలో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన స్ట్రెప్టోమైసిన్ క్షయకు మొదటి గట్టి మందు. లక్షల ప్రాణాలు నిలిపింది. కాని తల తిరగడం, చెవుడు రావడం మొదటి రోగుల్లోనే కనిపించాయి. ఈ జాతి మందులు రోమ కణాలను చంపగలవు. తెగిన పడుగు పోగును నేతగాడు ముడి వేసి అతుకుతాడు. చచ్చిన రోమ కణానికి మనిషిలో అతుకు లేదు. కోడికి అవి మళ్లీ మొలుస్తాయట, మనకు మొలవవు. క్యాన్సరుకు ఇచ్చే సిస్‌ప్లాటిన్ చేసే నష్టం కూడా ఎక్కువగా ఇటువంటిదే.

ఇంకో చిక్కు ఏమంటే ఈ సూదుల మందు లోపలి చెవిలో చాలాకాలం నిలువ ఉంటుంది. సూది ఆపిన కొన్ని వారాల తరువాత కూడా వినికిడి తగ్గుతూ పోవచ్చు. మొదట పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాల వినికిడి. మాట వినపడుతూనే ఉంటుంది గనుక రోగికి చెవుడు వస్తున్నట్టు తెలియదు. చాలాసార్లు తెలిసేది మోత ఒక్కటే. ఆ గుర్తు కనబడిన రోజే డాక్టరుకు చెప్పి, మందు మార్చడమో మోతాదు సవరించడమో జరిగితే దెబ్బతిని ఇంకా చావని కణాలు కోలుకోవచ్చు, మోత తగ్గనూవచ్చు. మన నేత కార్మికుడు చేజార్చుకున్నది ఆ అవకాశాన్నే. ఆయన తప్పు పట్టలేము. చెవి సంగతి అడిగినవారు లేరు, చెప్పాలని ఆయనకు తెలియదు.

కొన్ని కుటుంబాలలో తల్లి వైపు నుంచి వచ్చే ఒక లక్షణం వల్ల కొద్ది సూదులకే చెవి పోతుందని 1993లో తేలింది. మేనమామకో, అమ్మమ్మకో సూదుల తరువాత చెవుడు వచ్చి ఉంటే సూది వేయించుకోకముందే ఆ మాట చెప్పాలి.

అయితే మోత వచ్చిందని క్షయ మందులు సొంతంగా మానడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సగంలో మానితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా మొండిదవుతుంది, ఇంట్లోవారికి అంటుకుంటుంది. మానాలా, మార్చాలా అన్నది డాక్టరు చెప్పవలసిన మాట. పైగా ఇప్పుడు మార్గం ఉన్నది. కనమైసిన్ వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఆ తరువాత మన దేశంలోనూ మొండి క్షయకు బెడాక్విలిన్ వంటి నోటి మాత్రల చికిత్స వచ్చింది.

మరి ఏళ్లు గడిచినవారి మాటేమిటి? పోయిన వినికిడి తిరిగి రాదు. మోతను తుడిచేసే మాత్ర ఇంతవరకు లేదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసేవారు ఊరూరా ఉన్నారు. నూనె కర్ణభేరి దగ్గరే ఆగుతుంది, దెబ్బ దాని వెనుక ఎక్కడో ఉన్నది. బాధ తగ్గడం మాత్రం నిజం. కొత్తవాడ పిల్లవాడి మెదడు మగ్గం చప్పుడును పట్టించుకోవడం మానినట్టే, చాలామంది మెదడు ఈ మోతను కూడా నెలలు, ఒక్కోసారి ఏడాది రెండేళ్లు పట్టినా, పక్కకు నెట్టేస్తుంది. చప్పుడు ఉంటుంది, దాని మీద ధ్యాస ఉండదు. అందరికీ ఇలా జరగదు. నిద్ర లేక, దిగులుతో కృశించేవారూ ఉంటారు. వారు ఎంజీఎం ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగం వంటి చోట వినికిడి పరీక్ష చేయించుకోవాలి. వినికిడి తగ్గినవారికి చెవి మిషను పెడితే బయటి శబ్దాలు అంది మోత వెనుకబడుతుంది. ఒకసారి దెబ్బతిన్న చెవిని మరమగ్గాల హోరుకు, డీజే పెట్టెలకు అప్పగించరాదు. అలాగని పూర్తి నిశ్శబ్దమూ పనికిరాదు, చడీచప్పుడు లేని గదిలో మోత మరింత పెద్దదిగా తోస్తుంది.

నేత కార్మికుడు ఈ చివరి సంగతిని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. రాత్రి పక్కింటి మగ్గం ఆగిన వెంటనే ఫ్యాను వేసుకుంటాడు. పుష్యమాసపు చలిలో కూడా. భార్య గొణుగుతూనే రెండు జంపఖానాలు కప్పుకొని పడుకుంటుంది.