బోన్ స్కాన్ రాశారా? గామా కెమెరా ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

విజయవాడలో డాక్టర్ చీటీ మీద 'బోన్ స్కాన్' అని రాయగానే ఇంట్లో భయం మొదలవుతుంది. మిషన్ నుంచి రేడియేషన్ వస్తుందా? అరగంట సేపు అమ్మీ కదలకుండా పడుకోగలదా?

ఎక్స్‌రే, సీటీ మిషన్లు బయటి నుంచి కిరణాలు పంపుతాయి. గామా కెమెరా ఏమీ పంపదు. ముందుగా చేతి నరానికి టెక్నీషియం-99ఎం కలిపిన మందు ఎక్కిస్తారు. అది ఎముకల్లో చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. అక్కడి నుంచి వచ్చే గామా కిరణాలను కెమెరా పట్టుకుంటుంది, అంతే. టెక్నీషియం బలం ప్రతి 6 గంటలకు సగమవుతుంది. మూత్రంలో కూడా కొంత పోతుంది.

ఈ కెమెరాను 1950ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీలో హాల్ ఆంగర్ తయారుచేశారు. నేటికీ చాలా కెమెరాలది అదే పద్ధతి. సోడియం అయొడైడ్ స్ఫటికం మీద గామా కిరణం పడితే చిన్న మెరుపు వస్తుంది. వెనకున్న పదుల కొద్దీ ట్యూబులు ఆ మెరుపు ఎక్కడ వచ్చిందో లెక్కగడతాయి.

గామా కిరణాలను మామూలు కెమెరా లెన్స్ వంచలేదు. అందుకే స్ఫటికం ముందు వేల రంధ్రాలున్న సీసపు పలక పెడతారు. తిన్నగా వచ్చినవే లోపలికి వెళ్తాయి. పదివేల కిరణాల్లో దాటేవి ఒకటో రెండో! అందుకే అంత సేపు పడుతుంది, కదిలితే బొమ్మ చెదిరిపోతుంది. దూరం పెరిగినా మసకే. కెమెరా ఒంటికి బాగా దగ్గరగా వస్తే కంగారు పడకండి.

ఇంట్లోవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి:

- మెడలో లోహపు తావీజు, గొలుసు, జేబులో చిల్లర తీసేయండి. అవి కిరణాలను ఆపి, బొమ్మలో ఖాళీ మచ్చలా కనిపిస్తాయి.
- ఇంజెక్షన్ తర్వాత నీళ్లు బాగా తాగాలి. రంజాన్ అయితే తారీఖు గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోండి.
- గర్భం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఇంజెక్షన్‌కు ముందే చెప్పాలి. సిగ్గుపడొద్దు.
- చంటిపిల్లలను ఎత్తుకోవడం ఆసుపత్రి వాళ్లు చెప్పినంత సేపు ఆపండి.

ఇంకో మాట. బొమ్మలో నల్లటి మచ్చ కనిపిస్తే అది క్యాన్సరే అనుకోకండి. పాత విరుగుడు, కీళ్ల అరుగుదల కూడా అలాగే కనిపిస్తాయి. పాత ఎక్స్‌రేలు, రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. ఫిల్మ్ చూసి మనమే తీర్పు చెప్పుకోకుండా, డాక్టర్ చెప్పేదాకా సబ్ర్‌తో ఉందాం.