పంపినవారి మాట

ప్రతినిధి యను మాట మనకు నిత్యపరిచితము. తరగతి ప్రతినిధి మొదలు శాసనసభలోని ప్రతినిధి వరకు ఆ పేరుతో పిలువబడువారు పెక్కుమంది కలరు. ఈ శబ్దమునకు పూర్వము యజ్ఞశాలలో ఒక నియతమైన అర్థముండెను. విధించిన ద్రవ్యము లభింపనప్పుడు దానికి బదులుగా గ్రహింపదగిన ద్రవ్యమును మీమాంసకులు ప్రతినిధి యనిరి. సోమలత దొరకనిచో పూతీక, వరిధాన్యము లేనిచో నివ్వరిధాన్యము ఇట్టివి. చేతికందిన ప్రతి వస్తువును అందుకు పనికిరాదు. అసలు ద్రవ్యముతో పోలిక గలదియే ప్రతినిధి కావలెనని వారి నియమము. సభలలో కూర్చుండు మనుష్యులకును ఈ నియమము వర్తించును. ఎవరికి బదులుగా వచ్చెనో వారితో పోలికయు, వారి సమ్మతియు గలవాడే ప్రతినిధి. ఆ రెండును లేనివాడు ఆసనము నలంకరించిన వ్యక్తి మాత్రమే.

ఈ భేదము అమెరికా సంయుక్తరాష్ట్రములలోని మిసిసిపీ రాష్ట్రమున, 1964లో జరిగిన ఒక పక్షపు రాష్ట్రమహాసభ మూలమున లోకమునకు వెల్లడియైనది. ఆ సభకు వచ్చిన ప్రతినిధులలో పెక్కుమందికి అంతకుముందు ఓటు వేయు భాగ్యమైనను లేదు.

అమెరికాలో రాజకీయపక్షముల మహాసభలు మెట్లవరుసగా జరుగును. పద్ధతి అన్ని రాష్ట్రములందును ఒక్కటి కాదు. మిసిసిపీలో నాడు అన్నిటికంటె క్రింది మెట్టు ప్రీసింక్టు. అనగా ఒక పోలింగు కేంద్రమునకు చెందిన ఓటర్ల ప్రదేశము. అచటి ఓటర్లు కూడి తమలో కొందరిని కౌంటీ సభకు పంపుదురు. కౌంటీ అనగా మన జిల్లా వంటిది. కౌంటీ సభవారు రాష్ట్రమహాసభకు ప్రతినిధులను పంపుదురు. రాష్ట్రమహాసభ జాతీయమహాసభకు ప్రతినిధులను ఎన్నుకొనును. అధ్యక్షపదవికి పక్షమువారి అభ్యర్థిని నిర్ణయించునది ఆ జాతీయమహాసభయే.

రాష్ట్రమహాసభకు పోయిన స్థానిక ప్రతినిధికి ముందుగా అర్హతపత్రముల పరిశీలన జరుగును. పిమ్మట అతడు తన కౌంటీ పేరు వ్రాసిన పలక క్రింద కూర్చుండును. తీర్మానములపైనను, పక్షవిధానముపైనను, కార్యవర్గపు ఎన్నికపైనను ఓటు వేయును. కౌంటీల పేర్లు వరుసగా పిలిచినప్పుడు తనవారి మాట వినిపించును. చూచుటకు ఇది శుష్కమైన తంతు వలె తోచును. కాని ప్రతి మెట్టునందును అడుగబడు ప్రశ్న ఒక్కటే: నిన్ను పంపినవారెవరు?

మిసిసిపీలోని నల్లజాతివారికి ఆ మొదటి మెట్టుపై కాలుమోపుటయే దుస్సాధ్యమయ్యెను. 1890 నాటి రాష్ట్ర రాజ్యాంగము ఓటు పన్నును విధించెను. రాజ్యాంగములోని ఏదేని ఒక భాగమునకు అర్థము చెప్పవలెనను పరీక్షను కల్పించెను. ఆ అర్థము సరియైనదా కాదా యని నిర్ణయించు నధికారము శ్వేతజాతీయుడైన గుమాస్తాది. 1962లో చేసిన చట్టము ప్రకారము ఓటరుగా నమోదుకు దరఖాస్తు చేసినవారి పేర్లు రెండు వారములపాటు వార్తాపత్రికలో ప్రకటింపబడుచుండెను. భూస్వామియు, యజమానియు, బ్యాంకువాడును ఆ పేర్లను చూతురు. తరువాతి కథ వేరుగా చెప్పనక్కరలేదు. 1964 నాటికి అర్హులైన నల్లజాతివారిలో నూటికి 7గురైనను ఓటర్లుగా నమోదు కాలేదు.

సన్‌ఫ్లవర్ కౌంటీలోని రూల్‌విల్ గ్రామవాసిని ఫానీ లూ హేమర్ చరిత్ర ఇందుకు నిదర్శనము. 1917లో జన్మించిన ఈమె 20 మంది సంతానములో కడపటిది. 6 ఏండ్ల వయస్సునుండియే ప్రత్తిచేలలో పనిచేసెను. 1962 ఆగస్టు 31వ తేదీన మరి 17 మందితో కలసి ఓటరుగా నమోదు కొరకు ఇండియనోలా పట్టణమునకు పోయెను. తిరుగుప్రయాణములో బస్సు రంగు సరిగా లేదని పోలీసులు డ్రైవరుకు జరిమానా విధించిరి. దరఖాస్తును ఉపసంహరించుకొనుము, లేదా ఇల్లు వదలిపొమ్మని ఆ సాయంకాలమే భూస్వామి ఆజ్ఞాపించెను. 18 సంవత్సరములు పనిచేసిన ఆ క్షేత్రమును ఆమె ఆ రాత్రియే విడిచిపోయెను. 1963 జూన్‌లో వినోనా పట్టణపు జైలులో ఆమెను తీవ్రముగా కొట్టిరి. ఆ దెబ్బల ఫలితము ఆమెను జీవితాంతము బాధించెను.

ఇట్టివారు నిరాశతో మిన్నకుండలేదు. 1963 నవంబరులో నల్లజాతివారు తామే పోటీ ఎన్నికను నడుపుకొనగా, అందులో 80 వేలకు పైబడి ఓట్లు పడెను. ఓటు హక్కు వారికి అక్కరలేదను వాదము దానితో వీగిపోయెను. 1964 ఏప్రిల్ 26వ తేదీన జాక్సన్ నగరములో మిసిసిపీ ఫ్రీడమ్ డెమొక్రటిక్ పార్టీ స్థాపింపబడెను. జూన్ 16న అధికారిక డెమొక్రటిక్ పక్షపు ప్రీసింక్టు సభలు జరుగవలసియుండెను. నమోదైన నల్లజాతి ఓటర్లు కొన్నిచోట్ల ఆ సభలకు పోయిరి. ఒకచోట సభయే కనబడలేదు. మరియొకచోట ప్రవేశము లభింపలేదు. లోనికి రానిచ్చిన చోట్ల వారి మాట సాగలేదు. అందుపైన వారు తమ సొంత ప్రీసింక్టు సభలను, కౌంటీ సభలను క్రమము తప్పక జరుపుకొనిరి. పెద్దలు మూసిన మెట్లదారి ప్రక్కనే అదే కొలతలతో మరియొక మెట్లదారిని కట్టుకొనిరన్నమాట.

ఆ సభలలో ఎన్నికైనవారెవరు? పరుల భూమిని పాలుకు దున్నుకొనువారు, ఇండ్లలో వంటపని చేయు స్త్రీలు, కొద్దిపాటి సొంతభూమి గల రైతులు, క్షురకులు, చిల్లర వర్తకులు. ఉపాధ్యాయులు మాత్రము స్వల్పసంఖ్యాకులు. వారి ఉద్యోగములు శ్వేతజాతీయుల పాఠశాలా మండలుల చేతిలో నుండుటయే అందుకు కారణము. చదువుకొన్నవారి నోరు జీతము కట్టివేయగా, చదువులేనివారు సభానియమములను నేర్చుకొనిరి. తీర్మానము ప్రతిపాదించుట, బలపరచుట, సవరించుట ఎట్లో చర్చి గదులలో అభ్యసించిరి. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారు ఈ విషయమును కొంతసేపు ఆలోచింపవలెను.

రాష్ట్రమహాసభ 1964 ఆగస్టు 6వ తేదీన జాక్సన్ నగరములోని మసోనిక్ టెంపుల్ భవనమున జరిగెను. దానికి రెండు దినములు ముందుగానే జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వర్నర్ అను ముగ్గురు యువకుల శవములు ఒక మట్టికట్ట క్రింద బయటపడెను. ఓటు హక్కు ఉద్యమములో పనిచేయుచు జూన్ 21న అదృశ్యులైనవారు వారే. ఆ వార్త విన్న పిమ్మటకూడ సుమారు 2,500 మంది సభకు వచ్చిరి. ఇంటికి మరలిపోవుదుమను నిశ్చయము లేనివారు ప్రతినిధులై వచ్చిరనిన, ఆ పదవి బరువెంతయో ఊహింపవచ్చును.

సభాభవనములో కౌంటీల పేర్లు గల పలకలు వరుసగా నిలిచెను. ఏ కౌంటీలో ఓటు వేయనిచ్చుట లేదో ఆ కౌంటీ పేరు క్రిందనే వారు సగౌరవముగా కూర్చుండిరి. ఎల్లా బేకర్ ప్రధానోపన్యాసము చేసెను. న్యాయవాది జోసెఫ్ రౌ జాతీయమహాసభలో అనుసరింపదగిన మార్గమును వివరించెను. అర్హతల పరిశీలన సంఘములో 11 మంది అనుకూలురైనచో వేరు నివేదిక సభ ముందుకు వచ్చును. 8 రాష్ట్రములు కోరినచో పేరుపేరున ఓటు తీయవలసియుండును. పదునొకండు, ఎనిమిది అను ఆ రెండు అంకెలు వారికి మంత్రాక్షరములయ్యెను. ప్రత్యామ్నాయ సభ్యులతో కలిపి 68 మంది జాతీయమహాసభకు ఎన్నికైరి. ఏరన్ హెన్రీ ఆ బృందమునకు అధ్యక్షుడు, హేమర్ ఉపాధ్యక్షురాలు.

ఆ నెల 22వ తేదీన అట్లాంటిక్ సిటీలో అర్హతల పరిశీలన సంఘము ఎదుట హేమర్ తన అనుభవమును చెప్పెను. అదే సమయమున అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హఠాత్తుగా పత్రికాగోష్ఠి జరుపగా, టెలివిజన్ ప్రసారము అటు మరలెను. కాని ఆమె మాటలను సాయంకాలము దేశమంతయు వినెను. పెద్దలు తుదకొక రాజీని ప్రతిపాదించిరి. రాష్ట్రముతో సంబంధము లేని రెండు ప్రత్యేకాసనములు ఇత్తురు. తక్కినవారు అతిథులుగా నుండవచ్చును. 1968 నుండి వర్ణవివక్షతో ఎన్నికైన బృందములకు ప్రవేశముండదు.

దీనిని అంగీకరింపుమని చెప్పినవారిలో మార్టిన్ లూథర్ కింగ్ వంటి మిత్రులును గలరు. వారి వాదము తృణీకరింపదగినది కాదు. పౌరహక్కుల చట్టమును వ్యతిరేకించిన గోల్డ్‌వాటర్ ప్రతిపక్షపు అభ్యర్థిగా నిలిచియుండెను. డెమొక్రటిక్ పక్షము చీలినచో నష్టము నల్లజాతివారికే. అదిగాక, భవిష్యత్తుకు చేసిన వాగ్దానము అల్పమైనది కాదు.

అయినను రాజీలో ఒక లోపముండెను. ఆ రెండు ఆసనములలో ఏరన్ హెన్రీయు, శ్వేతజాతీయుడైన మతాచార్యుడు ఎడ్విన్ కింగును కూర్చుండవలెనని పెద్దలే నిర్ణయించిరి. వారిరువురును త్యాగశీలురే, సభవలన ఎన్నికైనవారే. కాని 68 మందిలో ఆ ఇద్దరిని ఏరినవారు వేరు. ప్రత్తిచేల కూలీలకు ఆ ఎంపికలో చోటు లేదు. బృందము చర్చించి రాజీని నిరాకరించెను. రెండు ఆసనముల కొరకు తాము ఇంత దూరము రాలేదని హేమర్ స్పష్టముగా చెప్పెను. ఆమె కోపము ఆసనముల సంఖ్యపై మాత్రమే అనుకొనుట పొరపాటు. ప్రతినిధిని ఎన్నుకొను నధికారము వెనుకనున్న ప్రజలదా, ముందున్న పెద్దలదా అనునదియే నాటి వివాదము.

వారు ఓడి తిరిగివచ్చిరని నాడు కొందరు తలచిరి. జాక్సన్ మహాసభ జరిగిన సరిగా సంవత్సరమునకు, 1965 ఆగస్టు 6న, జాన్సన్ ఓటు హక్కుల చట్టముపై సంతకము చేసెను. 1967 నాటికి మిసిసిపీలో నల్లజాతి ఓటర్ల నమోదు నూటికి 60కి సమీపించెను. 1968లో షికాగో మహాసభ మిసిసిపీ అధికారిక బృందమును త్రోసిపుచ్చి, హేమర్ సభ్యురాలుగా గల బృందమునకు ఆసనములిచ్చెను. ఆమె 1977లో కన్నుమూసెను.

రాజీని అంగీకరించియుండినను ఇవన్నియు జరిగియుండెడివేమో యని చరిత్రకారులు వాదింపవచ్చును. ఆ వాదమెట్లున్నను, 68 మందియు తమ గ్రామములకు మరలిపోయి తలయెత్తి చెప్పగలిగిన మాట ఒకటి కలదు: మీరిచ్చిన ఓటును మేము మరియొకరికి అప్పగింపలేదు. ప్రతినిధి తనవారికి చెప్పవలసిన లెక్కలో మొదటి పద్దు అదియే.