పాత ఆటలకు కొత్త దుబాసీ

పాతకాలపు పుస్తకమొకటి చేతికి చిక్కినచో, అక్షరములు వచ్చినవాడెవడైనను దానిని చదువుకొనగలడు. కంప్యూటరు ఆట సంగతి అట్లు కాదు. ఆటను నింపిన సి.డి. చెక్కుచెదరక యుండవచ్చును, కాని దానిని ఆడించు యంత్రము మారిపోయినచో ఆట మూగవోవును. పాతికేండ్ల క్రిందట కొన్న ఆటను నేటి కంప్యూటరులో తెరచి చూచినవారికి ఈ సంగతి అనుభవమే. తెర నల్లబడును, లేదా రంగులు కలగాపులగమగును, లేదా ఆట మొదలు కాకయే మూతపడును.

ఇందుకు కారణమేమి? ఆట తనంతట తాను బొమ్మ గీయదు. ఇచట ఒక త్రికోణమును గీయుము, దానిపై ఈ రంగును పూయుము, దూరముననున్న కొండను మంచుతో కప్పుము అని ఆజ్ఞలిచ్చుచుండును. ఆ ఆజ్ఞలను అందుకొని తెరపై బొమ్మను నిలుపునది గ్రాఫిక్సు కార్డు. ఈ ఆజ్ఞలకు ఒక భాష కలదు. ఆట పలుకు భాష యంత్రమునకు తెలియనిచో పని నిలిచిపోవును.

ఒక ఉదాహరణము చూతము. 1994లో అమెరికాలో స్థాపితమైన త్రీడీఎఫ్ఎక్స్ అను సంస్థ 1996లో ‘వూడూ’ అను కార్డును బజారులోనికి తెచ్చినది. దాని మెమొరీ నాలుగు మెగాబైట్లు. మామూలు బొమ్మలకు వేరొక కార్డు ఉండవలసినదే. లోతు కల బొమ్మలను వేగముగా గీయుటయే దీని పని. ఈ కార్డుతో మాటలాడుటకై ఆ సంస్థ ‘గ్లైడ్’ అను భాషను కల్పించినది. ఆ భాష ఆ సంస్థ కార్డుల కొరకే ఏర్పడినది. 2000 జూనులో వెలువడిన ‘డయాబ్లో 2’ అను ప్రఖ్యాతమైన ఆటకు గ్లైడ్ ద్వారా బొమ్మలు గీయించుకొను వీలు కలదు. అదే ఏడు డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తులను పోటీదారగు ఎన్విడియాకు అమ్మివేయుటకు ఒప్పుకొన్నది. 2002లో దివాలా తీసినది. భాష తెలిసిన కార్డులు మాయమైనవి. ఆ భాషలో వ్రాసిన ఆటలు మిగిలినవి.

ఈస్టిండియా కంపెనీ దినములలో చెన్నపట్టణమున దొరకును వర్తకునకును నడుమ దుబాసీ నిలిచెడివాడు. ఒకరి మాటను రెండవవారి భాషలోనికి మార్చి బేరము నడిపెడివాడు. ఆ పనినే నేడు డీజీవూడూ వంటి సాఫ్టువేర్లు చేయుచున్నవి. ఆట గ్లైడ్ పేరుగల ఒక ఫైలును పిలుచును. అదే పేరు పెట్టిన దుబాసీ ఫైలును ఆట ఉన్న ఫోల్డరులోనే ఉంచుదురు. విండోస్ సాధారణముగా మొదట ఆ ఫోల్డరులోనే వెదకును గనుక, పిలుపునకు దుబాసీ పలుకును. అది గ్లైడ్ ఆజ్ఞలను నేటి కార్డుకు తెలిసిన డైరెక్ట్‌త్రీడీ భాషలోనికి మార్చి అందించును. మారినది ఆట కాదు, నడుమ నిలిచినవాడే.

మంచి దుబాసీకి భాష వచ్చినంత మాత్రమున చాలదు, మర్యాదయు తెలియవలెను. నేటి కార్డులకున్న అపారమైన మెమొరీని చూచి కొన్ని పాత ఆటలు తికమకపడును. కావున దుబాసీ, తాను చిన్న కార్డునే అని చెప్పుకొనవలసి వచ్చును. పాత తెరల వెడల్పు ఎత్తులు నాలుగింటికి మూడు పాళ్లు. నేటివి పదునారింటికి తొమ్మిది. బొమ్మను సాగదీసినచో మనుష్యులు లావెక్కి కనబడుదురు. ఇరుప్రక్కల నల్లని జాగా విడిచి, బొమ్మను ఉన్నదున్నట్లు చూపుటయే మేలు.

దుబాసీ తీర్చలేని చిక్కులును కలవు. సి.డి. దొంగనకళ్లను అరికట్టుటకై కొన్ని ఆటలకు బిగించిన సేఫ్‌డిస్క్ అను తాళమును 2015లో వచ్చిన విండోస్ 10 అంగీకరింపదు. డాస్ కాలపు ఆటలకు భాష మార్చినంత మాత్రమున చాలదు, పాత యంత్రమునే సృష్టింపవలెను. 2002లో తొలిసారి వెలువడిన డాస్‌బాక్స్ ఆ పని చేయును.

ఇది కేవలము వినోదపు ముచ్చట యనుకొనరాదు. 2010కి పూర్వము అమెరికాలో వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు అంగడిలో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన పరిశీలనలో తేలినది. డయాబ్లో 2 అదృష్టముకలది. 2021లో దానికి కొత్త రూపము వచ్చినది. అట్టి భాగ్యము లేని ఆటలెన్నియో కలవు. వాటికి ఊపిరి పోయుచున్నది ఎక్కువగా వేతనము కోరని ఔత్సాహికుల శ్రమయే.

ఈ కథలో మరియొక విశేషము కలదు. గ్లైడ్‌ను ఇతర కార్డులపై పలికించు దుబాసీలను త్రీడీఎఫ్ఎక్స్ 1999లో మొదట న్యాయపరముగా అడ్డగించినది. ఆ ఏటి చివరనే గ్లైడ్ మూలమును తానే బహిరంగపరచినది. మరుసటి ఏటికే సంస్థ చేతులెత్తివేసినను, దాని భాష మాత్రము ఆ విధముగా అందరి సొత్తైనది. నేటి దుబాసీలును ఒకనాటికి పాతబడుదురు, వారికిని దుబాసీలు కావలసివచ్చును. కావున యంత్రభాషను కల్పించువారు దాని వ్యాకరణమును లోకమునకు అప్పగించి పోవుట ధర్మము. సంస్థలు పోవును, వ్యాకరణము మిగిలినచో ఆ భాష మరల పలుకును.