మహానగరమున గోధుమ చేను

భూమికి వెల కట్టువారు లోకమున పెక్కండ్రు. దాని విలువను తలపోయువారు కొలదిమంది. ఈ రెంటికిని గల అంతరమును 1982వ సంవత్సరమున ఒక కళాకారిణి న్యూయార్కు నగరమున నిరూపించిన విధము, భూవసతి గల మన పాఠకులు తెలిసికొనదగినది.

ఆమె పేరు ఆగ్నెస్ డెనెస్. 1931లో బుడాపెస్టున జన్మించి అమెరికాలో స్థిరపడినది. నగరపు బహిరంగ స్థలములలో కళాకృతులను నెలకొల్పించు సంస్థ యొకటి ఆమెను ఒక కృతి నిర్మింపుమని కోరెను. అట్టిచోట్ల శిలావిగ్రహమునో కంచుప్రతిమనో నిలుపుట పరిపాటి. ఆమె గోధుమ చేను వేయ సంకల్పించెను.

అందుకు దొరకిన స్థలము మన్‌హటన్ ద్వీపపు దక్షిణాగ్రమున, ధనవ్యాపారమునకు పేరుమోసిన వాల్ స్ట్రీటుకు రెండు వీధుల దూరమున నుండెను. వరల్డ్ ట్రేడ్ సెంటరు పునాదులు త్రవ్వగా వచ్చిన మట్టితో నది యొడ్డును పూడ్చి చేసిన మెరక అది. రాళ్లతోను, చెత్తతోను, తుప్పుపట్టిన యినుముతోను నిండియుండెను. అందు రెండెకరములు బాగుచేసి, 200 లారీల మన్ను తోలించి, చేతులతో 285 చాళ్లు తీసి, మే నెలలో విత్తనములు చల్లిరి. నీరు పెట్టి, ఎరువు వేసి, తెగుళ్లనుండి కాపాడి, ఆగస్టు 16వ తేదీన కోత కోసిరి. వేయి పౌనులకు పైగా, అనగా మన కొలతలో నాలుగున్నర క్వింటాళ్లకు మించి, గోధుమలు చేతికి వచ్చెను.

రెండెకరములకు ఈ ఫలసాయ మేపాటిదో మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఆ నేల ఖరీదు 450 కోట్ల డాలర్లని డెనెస్ ప్రకటించినది. తన కృతికి ‘గోధుమ చేను: ఒక ఎదిరింపు’ అని పేరిడుటలోని అంతరార్థ మిదియే. ఒక వంక తిండిగింజలు, వేరొక వంక అంత ధనము; ఏది వెలయో, ఏది విలువయో చూపరులే తేల్చుకొనవలెను.

పైరు పెట్టుటయే కళ యైనచో ప్రతి కర్షకుడును కళాకారుడు కావలదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. పల్లెలోని చేను మనకు నిత్యదృశ్యము గనుక చూచియు చూడక సాగిపోవుదుము. ఆకాశహర్మ్యముల నీడలో వెన్నులు తలలూపినపుడు, ఆ మేడలలోనివారు భుజించు అన్నము ఎచ్చటినుండి వచ్చుచున్నదను విచారము తనంతట పుట్టును. ఆ విచారమును పుట్టించుటయే ఇచ్చట కళ చేసిన పని.

కోత యనంతరము ఆ స్థలమున భవనములు వెలసినవి. చేను ఓడినదని దీని కర్థము గాదు. ఆ గింజలు లోకపు ఆకలిబాధను గూర్చిన ప్రదర్శనతో 28 నగరములు తిరిగినవి. 2015లో ఇటలీలోని మిలాను నగరమున, ఎత్తైన కట్టడముల నడుమ, ఆమె కృతి మరల మరింత విశాలముగ పండినది.

పట్టణములు పెరుగరాదని మన మనము. జనులకు ఇండ్లు కావలసినదే. ఐనను ఒక్క సంగతి మరువరాదు. సారములేని మెరకపై పిడికెడు గింజలు పండించుటకు ఆమె లారీలతో మన్ను తెప్పింపవలసివచ్చెను. మనకో, సారవంతమగు మాగాణి పెద్దల నాటినుండి సంక్రమించినది. దానియందు ఇండ్లస్థలములకు హద్దురాళ్లు పాతించుటకు ముందు, ఆ మన్నును మరల ఎన్ని లారీలు తేగలవో ప్రతి భూస్వామియు ఒక్కమారు లెక్కించుకొనుట మేలు.