లయ తప్పిన గుండె - గడ్డకట్టని రక్తం

గురుకులంలో నాడీపరీక్ష నేర్పేటపుడు మా గురువుగారు వేగంకంటె ముందు లయను గమనించమనేవారు. రెండేళ్ల క్రితం ఒక విశ్రాంత ఉపాధ్యాయుని నాడి చూచినపుడు ఆ బోధ స్ఫురణకు వచ్చింది. స్పందనలో క్రమమే లేదు. ఆస్పత్రివారు దానిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌గా నిర్ణయించి, అబ్లేషన్‌కు తేదీ కూడా ఇచ్చారట. తెల్లమద్ది కషాయంతో నయం చేయమని ఆయన నన్ను కోరారు. ఈ లయదోషాన్ని కషాయం సరిచేస్తుందని నేను చెప్పలేకపోయాను. పూర్వవృత్తాంతం అడిగాను. యౌవనంలో పన్ను తీయించుకుంటే రెండు రోజులు రక్తం ఆగలేదట; మేనమామదీ అదే తీరట. ఈ సంగతి గుండె వైద్యునికి చెప్పలేదన్నారు.

అబ్లేషన్‌లో తొడమూలపు సిర గుండా సన్నని గొట్టాన్ని గుండెకు చేర్చి, కర్ణికల నడిమి గోడను సూదితో దాటి, ఎడమ కర్ణికలో పుపుస సిరలు కలిసేచోట కణజాలాన్ని వేడితోనో, అతిశీతలంతోనో నిర్వీర్యం చేస్తారు. అపుడు రక్తపుగడ్డ ఏర్పడి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. అందుకే హెపారిన్ ఇస్తారు. తరువాత సాధారణంగా రెండు నెలలకు తక్కువ కాకుండా రక్తం గడ్డకట్టనీయని మందు వాడిస్తారు. సహజంగానే రక్తం గడ్డకట్టనివారికి ఇది ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సిర వద్దనే కాక, గుండెచుట్టూ ఉన్న పొరలోనూ రక్తం చేరవచ్చు.

సుశ్రుతుడు అగ్నికర్మను వివరిస్తూనే, లోపల రక్తస్రావం ఉన్నవారికి దానిని నిషేధించాడు. నేడు లోపించిన అంశాన్ని రక్తంలోకి ఎక్కించే వీలున్నది. పరీక్షలో ఆయనకు 8వ ఫ్యాక్టర్ తక్కువని, అది స్వల్ప హీమోఫీలియా అని తేలింది. రక్తవ్యాధి నిపుణుడు, గుండె వైద్యుడు కలిసి ఆలోచించి, ముందుగా ఫ్యాక్టర్ ఎక్కించి, దాని స్థాయిని కొలుస్తూ చికిత్స ముగించారు. ఆయన క్షేమంగా ఇల్లు చేరారు.

పాఠకులు గమనించవలసినవి:

1. పన్ను తీసినపుడు, కాన్పులో, నెలసరిలో అధిక రక్తస్రావమైనా, రక్తసంబంధీకులకు అట్టి లక్షణమున్నా తప్పక చెప్పవలెను. గతంలో సిరలలో గడ్డలు కట్టినా దాచరాదు.

2. వెల్లుల్లి గుళికలు, పసుపు సారం, గుగ్గులు వంటివి రక్తస్రావాన్ని పెంచవచ్చును. వంటలో వేసే పాళ్లకు భయం లేదు. ఔషధంగా వాడుతుంటే వైద్యునికి తెలుపవలెను.

3. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచరాదు, మానరాదు. వాటిలోని కె విటమిన్ మందు పనిని తగ్గిస్తుంది.

4. చికిత్సకు ముందు ఆ మందును తమంతట తాము ఆపరాదు. పెక్కుమందికి ఆపకుండానే అబ్లేషన్ చేస్తారు.

మన వైద్యులమైనా సరే, ఔషధం చెప్పే ముందు ఈ ప్రశ్నలు అడగవలెను. రోగి చెప్పని ఒక్క మాట ప్రాణం మీదికి తేవచ్చును.