చోదకుని తలపై ఉక్కు కమాను

పైకప్పు లేని స్పోర్ట్స్ కారు మలుపులో అదుపు తప్పి తలక్రిందులైనప్పుడు దాని భారమంతయు ముందు వైపున గాలి అద్దపు చట్రముపైనను, వెనుక వైపున చోదకుని శిరస్సుపైనను ఆనును. అద్దపు చట్రము క్షణములో నలిగిపోవును. ఇక ఆ భారమును మోయుటకు మిగిలినది మానవ కంఠము. ఆ స్థానమున కంఠమునకు బదులుగా ఉక్కును నిలుపవలెనన్న సంకల్పమే రోల్ బార్ అను సాధనమునకు మూలము. చూచుటకు ఇది సీట్ల వెనుక నిలిచిన వంపు గొట్టము మాత్రమే. కదలెడు భాగమొక్కటియు దీనిలో లేదు. కారున్నంత కాలము దీనికి పని తగులకుండవలెననియే ఎల్లరి కోరిక. అయినను ఇంత సరళమైన యీ వస్తువును పందెపు లోకము అంగీకరించుటకు చాల కాలము పట్టినది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఐరోపాలో పందెములాడిన చోదకులలో పలువురు, కారు తిరగబడినచో అందు చిక్కుకొని అగ్నికి ఆహుతి యగుటకంటె బయటకు విసరివేయబడుటయే మేలని మనఃపూర్వకముగా నమ్మిరి. పెట్రోలు తొట్టెలు చోదకుని శరీరమునకు జానెడు దూరములో ఉండిన ఆ కాలమున ఆ నమ్మకమును కేవలము మౌఢ్యమని కొట్టివేయుట న్యాయము కాదు. 1961లో ఫార్ములా వన్ పందెములకు ఒకటిన్నర లీటరు ఇంజన్లతో క్రొత్త నిబంధనలు వచ్చినప్పుడు, వానితో పాటు రోల్ బార్ కూడ తప్పనిసరి యయ్యెను. కాని ఆనాటి కమానులు అనేకము చోదకుని హెల్మెట్ కంటె ఎత్తుగా లేక, నిబంధనను తృప్తిపరచెనే గాని శిరస్సును రక్షింపగల స్థితిలో ఉండలేదు. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. వోల్వో సంస్థలో నీల్స్ బోలిన్ రూపొందించిన మూడు కొసల సీటు బెల్టు 1959 నాటికే వాడుకలోనికి వచ్చినను, ఫార్ములా వన్‌లో ఆరు కొసల బెల్టు తప్పనిసరి యగుటకు 1972 వరకు ఆగవలసి వచ్చెను. బెల్టు లేనివాని శరీరము కమాను నీడలో నిలువదు గదా! ఈ రెండు సాధనములును ఒకదానికొకటి ప్రాణమని గ్రహించుటకు పదునొకండేండ్లు గడచినవి.

ఈ కథకు నిదర్శనముగా ఎమ్‌జీబీ కారును స్వీకరించెదను. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారమున 1962 నుండి 1980 వరకు, జీటీ అను కప్పు గల రూపముతో సహా, ఐదు లక్షలకు పైగా తయారైన యీ చిన్న కారు, 1798 ఘన సెంటీమీటర్ల ఇంజనుతో, తొమ్మిది వందల కిలోగ్రాములకు కొంచెము పైబడిన బరువుతో, ల మాన్ 24 గంటల పందెమున 1963లో 12వ స్థానమును, 1965లో 11వ స్థానమును పొందినది. నేటికిని బ్రిటనులోను అమెరికాలోను పాత కార్ల పందెములలో అభిమానులు దీనిని నడుపుచునే యున్నారు. దీనికి ముందు వచ్చిన ఎమ్‌జీఏ కారుకు వేరుగా ఒక ఉక్కు చాసీ ఉండెడిది. ఎమ్‌జీబీకి అది లేదు. పలుచని షీటును మడచి వెల్డింగ్ చేసిన దేహమే దీనికి ఎముకల గూడు. పైకప్పు లేని కారణమున బలమంతయు తలుపుల క్రింద ఇరుప్రక్కల పొడవునా సాగు సిల్లులలో, అనగా పెట్టె ఆకారపు బోలు దూలములలో ఇమిడియున్నది. రోల్ బార్ బిగించువాడు మొట్టమొదట తెలిసికొనవలసిన సంగతి యిదియే.

కమానుకు గొట్టమే యేల, కడ్డీ యేల పనికిరాదు? ఎఫ్.ఐ.ఏ. అను అంతర్జాతీయ మోటారు సమాఖ్య వారి నిబంధనావళి ప్రధాన కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసము, 2.5 మిల్లీమీటర్ల మందము గల అతుకులేని ఉక్కు గొట్టమును గాని, 50 మిల్లీమీటర్ల వ్యాసము, 2 మిల్లీమీటర్ల మందము గల దానిని గాని కోరుచున్నది. మొదటి గొట్టము మీటరుకు రెండున్నర కిలోగ్రాములకు కొంచెము పైన తూగును. అదే బరువు గల కడ్డీని తీసికొన్నచో దాని వ్యాసము 21 మిల్లీమీటర్లకు మించదు. వంపును ఎదిరించుటలో గొట్టము దానికంటె ఎనిమిది రెట్లు దృఢమైనది. లోహము కేంద్రమునకు ఎంత దూరముగా నుండునో వంపునకు అంత మొండికేయుననుటయే యిందలి సూత్రము. ఉక్కు కూడ మరీ పెళుసైనది కారాదు. దెబ్బకు పగులక, కొంత వంగి, ఆ వంగుటలోనే తాకిడి శక్తిని హరింపవలెను. కమాను ఒంటరిగా నిలిచినచో వెనుకకు కూలును గనుక, దాని భుజముల నుండి వెనుకకు రెండు ఊత గొట్టములు, నిట్టనిలువునకు 30 డిగ్రీలకు తగ్గని వాలుతో దిగవలెను. ప్రక్కకు ఒరగకుండుటకు మధ్య ఒక ఏటవాలు గొట్టము ఉండవలెను.

ఇంతవరకు అంగడిలో కొనదగినదే. అసలు విద్య పాదముల వద్ద నున్నది. కారు బరువునకు 150 కిలోగ్రాములు కలిపి, ఆ మొత్తమునకు ఏడున్నర రెట్ల భారమును కమాను నిలువుగా మోయవలెనని ఎఫ్.ఐ.ఏ. పరీక్షలలో ఒక కొలత కలదు. ఎమ్‌జీబీ విషయమున అది ఇంచుమించు ఎనిమిది టన్నులు! ఒక్కొక్క కాలి గొట్టపు అంచు వైశాల్యము చూడబోయిన మూడు చదరపు సెంటీమీటర్లకు కొంచెము పైన. దాని క్రింద నున్న కారు నేల ఒక మిల్లీమీటరు మందమునకు అటునిటు గల షీటు. ప్లేటు లేక నిలిపిన కమాను ఇసుకలో పాతిన పందిరి రాట వంటిది: ఎంత గట్టి కర్ర యైనను క్రిందికి దిగబడును. అందువలననే ప్రతి పాదము వద్దను కనీసము 3 మిల్లీమీటర్ల మందము, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యము గల ప్లేటును దేహమునకు వెల్డింగ్ చేసి, దానిపై మూడు బోల్టులకు తక్కువ కాకుండ బిగింపవలెనని నియమము. ఆ ప్లేటు చదునైన నేలపై మాత్రమే కాక, ఒక అంచున సిల్లు గోడపైకి మడచి అతికినచో, భారము షీటును వీడి దూలములోనికి ప్రవహించును. నా దృష్టిలో ఈ మడతయే పనివాని నేర్పునకు గీటురాయి.

పాత కారులో శత్రువు తుప్పు. సిల్లులు బోలుగా నుండుటచే తడి లోపల నిలిచి, వెలుపల రంగు మెరయుచుండగనే లోగోడను తినివేయును. స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూచినప్పుడు షీటు చప్పున లోనికి పోయినచో, అచట రోల్ బార్ మాట మరచి ముందు సిల్లును మార్చవలెను. వెల్డింగునకు పూర్వము పెట్రోలు ట్యాంకును దించివేయుట, బ్యాటరీ తీగలను విప్పుట ప్రాణరక్షణ నియమములు. ఎమ్‌జీబీలో మరియొక చిక్కు కలదు: 1974 వరకు దీనికి ఆరేసి వోల్టుల బ్యాటరీలు రెండు సీట్ల వెనుక నేల క్రింద అమరియుండెను. ఊత గొట్టము బ్యాటరీ మూతకు అడ్డుగా దిగినచో కమాను విప్పిన గాని బ్యాటరీ చేతికందదు. కనుక సిద్ధహస్తులు గొట్టమును బిగించుటకు ముందు మూతను పలుమారులు తెరచి మూసి చూచుకొందురు.

కమాను శిఖరము హెల్మెట్ కంటె ఐదు సెంటీమీటర్లు పైన నుండవలెనను సంప్రదాయము మంచిది. హెల్మెట్ లేక వీథులలో ఆ కారు నడుపువానికి మాత్రము ఈ రక్షకుడే ఘాతుకుడు కాగలడు. చిన్న తాకిడికి సైతము తల వెనుకకు విసరబడి ఉక్కును మోదుకొనును. నీటి గొట్టములకు చుట్టెడు మెత్తని నురుగు ఇచట పనికిరాదు. పందెముల కొరకు చేసిన గట్టి నురుగే కావలెను.

ఇదంతయు పాత కార్ల గొడవయని తలపరాదు. 2022 జులై 3న సిల్వర్‌స్టోన్ ఫార్ములా వన్ పందెపు మొదటి మలుపులో చోదకుడు ఝౌ గ్వాన్‌యూ కారు తలక్రిందులై జారినప్పుడు, అత్యాధునికమైన ఆ వాహనపు రోల్ హూప్, అనగా తల వెనుకనున్న రక్షక కమాను, ఊడిపోగా, 2018లో ప్రవేశపెట్టిన హేలో అను తల చుట్టు అమరు వలయము అతని ప్రాణము కాపాడినది. తరువాత ఎఫ్.ఐ.ఏ. వారు రోల్ హూప్ పరీక్షలను కఠినతరము గావించిరి.

పాత స్పోర్ట్స్ కారును పందెమునకు సిద్ధపరుప దలచిన యువకులారా, గొట్టము కొనుటకు ముందు కార్పెట్టును పూర్తిగా పెరికి, సిల్లులను లోపలను వెలుపలను పరీక్షింపుడు. మీరు పాల్గొనదలచిన పోటీకి ఆ యేటి నిబంధనావళిని తెప్పించి చదువుడు. వెల్డింగ్ ముగిసిన పిదప, రంగు వేయకముందే, అతుకులను తనిఖీదారునకు చూపుడు.